యువరాజుకు పొట్టి పలక

నురగపట్టణం రేవులో, అలల మీద సవారీ చేసే పలకల అంగడి ముందు నిలబడి, కర్ణికార రాజ్యపు యువరాజు కేయూరుడు ఒక చెక్కను చూసి పళ్ళు కొరికాడు.

చెక్క తప్పేమీ లేదు. తేలికైన బూరుగు చెక్క. లక్క పూసి, శంఖంతో రుద్ది, చెయ్యి వేస్తే జారిపోయేంత నున్నగా చేసిన పలక. తప్పంతా దాని పొడుగులో ఉంది. నలుగురు కూలీలు రొప్పుతూ మోసుకొచ్చి దాన్ని యువరాజు కాళ్ళ ముందు దించారు. అది పలకో పడవో చెప్పడం కష్టం.

"ఇది తమది, ప్రభూ," అన్నాడు ప్రమాణాచార్యులు, కొలకర్రను చంకలో పెట్టుకుంటూ. "యువరాజుకు ఎంత ఉండాలో అంత ఉంది. వేలెడు ఎక్కువ లేదు, వేలెడు తక్కువ లేదు."

ఈ ప్రమాణాచార్యులు ఎవరో చెప్పకపోతే కేయూరుడి కోపం మీకు అర్థం కాదు. కర్ణికార రాజ్యంలో వస్తువు కొలత మనిషి ఒంటిని బట్టి ఉండదు, అంతస్తును బట్టి ఉంటుంది. మహారాజు మంచం ఎక్కాలంటే నిచ్చెన వెయ్యాలి. మహారాణి పళ్ళెంలో అవతలి అంచున ఉన్న కూర అందాలంటే దాసిని పిలవాలి. సేనాపతి చెప్పులు అతని పాదాలకు రెండింతలు ఉంటాయి. ఆ దేశపు సేనాపతులు ఏ యుద్ధంలోనూ పారిపోకపోవడానికి కారణం అదేనని గిట్టనివాళ్ళు అంటారు. ఎవరి వస్తువు ఎంత ఉండాలో కంఠతా పట్టి, దేశమంతా కొలుచుకుంటూ తిరిగే ఉద్యోగి ప్రమాణాచార్యులు. మనిషి పొట్టి, పొట్ట గుండ్రం, నోరు ఊరుకోదు. అతను వెంట లేనిదే యువరాజు కోట దాటకూడదని మహారాజు ఆజ్ఞ.

ఆ కొలతల మూలంగానే కేయూరుడి చెల్లెలు మల్లికావళి చేజారిపోయింది. వసంతోత్సవం నాడు ధూమశిఖుడనే మాంత్రికుడు నల్లటి పొగలా ఉద్యానవనంలోకి దిగి ఆ పిల్లను ఎత్తుకుపోతుంటే కేయూరుడు కత్తి దూశాడు. దూయబోయాడు. యువరాజు కత్తి మూడున్నర మూరలు ఉండాలని శాస్త్రం. చెయ్యి చాచగలిగినంత మేర చాచి లాగినా కత్తి ఒరలోంచి సగమే వచ్చింది. మిగతా సగం వచ్చేలోపల పొగా లేదు, చెల్లెలూ లేదు. "అన్నయ్యా!" అన్న కేక మాత్రం వినపడింది. ఆ రోజు నుంచి కొలకర్ర కనపడితే చాలు, కేయూరుడికి ఒళ్ళు మండిపోతోంది.

ఇప్పుడా పిల్ల నడిసముద్రంలో ఉలూకద్వీపంలో సంకెళ్ళతో ఉంది. రేపు అమావాస్య. చీకటి పడగానే ధూమశిఖుడు ఆమెను అగ్నికుండానికి బలి ఇచ్చి చిరాయువు సంపాదించబోతున్నాడు. ద్వీపం చుట్టూ నీటికి వాడు మంత్రపు కట్టు కట్టాడు. తెడ్డు వేసిన పడవ పగులుతుంది. తెరచాప ఎత్తిన ఓడ మునుగుతుంది. తాడుతో లాగించుకున్నది ఏదైనా నిలువునా చీలుతుంది. ఈదేవాణ్ణి నీళ్ళే మింగుతాయి.

అయితే వాడి వాహనం ఒకటుంది, తిమిరమకరం. వీపు మీద చెట్లు మొలిచిన ముసలి మొసలి. ప్రతి అమావాస్య మధ్యాహ్నం నురగపట్టణం రేవుకు వచ్చి, ఊరు కట్టే మేకల కప్పం మింగి, తిరిగి ద్వీపానికి పోతుంది. అంత జంతువు నీటిని చీల్చుకుంటూ పోతుంటే తోక వెనక ఒక అల లేస్తుంది. ఆ అల విరగదు, వెనకబడదు. మకరం పోయినంత దూరమూ దాని వెంటే పరుగెడుతుంది. ఆ అల ఒడిలో పలక మీద నిలబడినవాణ్ణి అలే మోసుకుపోతుంది. తెడ్డు లేదు, తెరచాప లేదు, తాడు లేదు. మాంత్రికుడు తన కట్టులో అలను చేర్చడం మరిచాడు.

నురగపట్టణం వాళ్ళకు ఇలాంటి సవారీ కొత్త కాదు. మడుగులో జలగజాలను, అంటే నీటి ఏనుగులను, పరుగెత్తించి, వాటి వెనక లేచే అలల మీద పలకలతో ఆడుకోవడం వాళ్ళ వినోదం. అందుకే ఊళ్ళో అంత పెద్ద అంగడి వెలిసింది. పగడపు స్తంభాలు, ముత్యపు చిప్పల తోరణాలు, గోడలకు ఆనించిన పలకల వరసలు. చేపల్లా మొన తేలినవి, తమలపాకులా వెడల్పైనవి, నెమలి కన్నులు చిత్రించినవి, అడుగున ఒంటి రెక్క ఉన్నవి, మూడు రెక్కలు ఉన్నవి. సాయంకాలపు ఎండ సముద్రం మీంచి లోపలికి పడి ఆ లక్క పూతల మీద రంగురంగులుగా మెరుస్తోంది. ఇంత అందమైన చోట ఇంత చిరాకు పడవలసి రావడం యువరాజు ఖర్మ.

అంగడి యజమాని సాగరగుప్తుడి వైపు తిరిగాడు కేయూరుడు. "అయ్యా, నేను కొత్తవాణ్ణి. నిలబడటమే రాదు. నాలాంటివాడికి ఇంత పొడుగు పలక మంచిదేనా?"

"చిత్తం. పొడుగు పలకే మంచిది," అన్నాడు సాగరగుప్తుడు చేతులు నలుపుకుంటూ.

"నేను బక్కవాణ్ణి కదా. పొట్టిదైతే?"

"చిత్తం. పొట్టిదే మంచిది."

"తలుపు చెక్క ఇమ్మంటే ఇస్తావా?"

"చిత్తం. పాతవి రెండున్నాయి, తెప్పించమంటారా?"

కేయూరుడు నెత్తి కొట్టుకున్నాడు. ఎవరు ఏమడిగినా కాదనకపోవడం ఆ వర్తకుడి వ్యాపార రహస్యం కాబోలు. ఇక తేలేది నీళ్ళలోనే అని యువరాజు తన వాళ్ళిద్దర్నీ వెంటబెట్టుకుని మడుగుకు నడిచాడు.

ఆ ఇద్దరిలో మొదటివాడు కొండమల్లుడు. చిన్ననాటి నుంచి యువరాజుతో కుస్తీ పట్టినవాడు. మనిషి తలుపులోంచి నిటారుగా రాలేడు, రథమెక్కితే ఇరుసు మూలుగుతుంది. మనసు మాత్రం వెన్న. రెండో మనిషి కురంగి, తాడు మీద నడిచే ఆటకత్తె. ఎత్తైన గోడలు ఎక్కడానికి అక్కరకొస్తుందని యువరాజు వెంట తెచ్చుకున్నాడు. బరువు చూస్తే కొండమల్లుడి కాలంత ఉండదు, గర్వం చూస్తే కొండమల్లుడంత ఉంటుంది.

ప్రమాణాచార్యులు కొల్లాయి కట్టుకుని ముగ్గురికీ పలకలు పంచాడు. పడవలాంటిది యువరాజుకు. సేవకుడు కనుక మూడు మూరల పలక కొండమల్లుడికి. ఆటకత్తెలకు శాస్త్రంలో కొలత లేదు గనుక కురంగిని తనకు నచ్చింది తీసుకోమన్నాడు. ఆమె ఉన్నవాటిలోకెల్లా సన్నగా, మొన తేలి, అడుగున రెక్కలు లేని పలక ఏరుకుంది.

"అది ఆరితేరినవాళ్ళు తొక్కేది కాబోలు," అన్నాడు కేయూరుడు.

"జానెడు తాడు మీద తలకిందులుగా నడిచినదాన్ని. నాకు చెక్క మీద నిలబడటం నేర్పుతారా యువరాజా?" అంది కురంగి.

మావటివాడు జలగజాన్ని నీళ్ళలోకి దించాడు. దాని నడుముకు కట్టిన తాడు కొస పట్టుకుని, నీళ్ళలో వెల్లకిలా తేలుతూ, మడమలు పలక అంచు మీద ఆనించాలి. జలగజం కదలగానే తాడు లాగుతుంది, పలక లేస్తుంది, మనిషి నిలబడతాడు. అల తోయడం మొదలుపెట్టగానే తాడు వదిలెయ్యాలి. చెప్పుకోవడానికి ఇంతే.

మొదట యువరాజు. నిలబడటం సులువుగానే నిలబడ్డాడు. అంత పెద్ద పలక మీద నిలబడకపోతేనే వింత. అయితే అల కుడికి మళ్ళింది, పలక మళ్ళలేదు. కేయూరుడు కాలితో నొక్కాడు, నడుము తిప్పాడు, బతిమాలాడు. బక్కమనిషి బరువుకు ఆ చెక్క కదిలితేనా! నేరుగా పోయి ముక్కును నీళ్ళలో గుచ్చింది, యువరాజును దూరంగా విసిరింది, తర్వాత తీరిగ్గా వచ్చి అతని నెత్తిన ఒక్కటిచ్చింది.

"భేష్! ఎంత హుందాగా వెళ్ళారు!" అన్నాడు గట్టు మీంచి ప్రమాణాచార్యులు.

తర్వాత కొండమల్లుడు. జలగజం కదిలింది, తాడు బిగిసింది, మల్లుడు లేవలేదు. ఆ మూడు మూరల పలక అతని కింద ఎప్పుడో మునిగిపోయింది. తాడు వదలమని ఎవరూ చెప్పలేదు గనుక మల్లుడు వదల్లేదు. మడుగు ఈ కొస నుంచి ఆ కొసకు నీళ్ళు తాగుతూ పోయాడు. ఇక కురంగి ఎక్కిన ప్రతిసారీ ఆ సన్నపలక పక్కకు జారిపోయింది. ఆమె గాల్లో చక్కగా పల్టీ కొట్టి నీళ్ళలో పడింది. పల్టీ ఎంత బాగున్నా పడటం పడటమే. చివరికి పలక గుట్టు తెలియలేదని కాక, నీళ్ళకు బుద్ధి లేదని తిట్టింది.

పొద్దు వాలుతోంది. కేయూరుడికి తల ప్రాణం తోకకొచ్చింది. కొండమల్లుడు గట్టున కూర్చుని చెవుల్లోంచి నీళ్ళు వంచుకుంటుంటే, అతని పొట్టి పలక ఖాళీగా తేలుతూ కనిపించింది. యువరాజు ఆచార్యులు చూడకుండా దాన్ని లాక్కుని తాడు పట్టాడు. జలగజం ఉరికింది. మొదట తడబడ్డాడు. పలక పొట్టిదైనా వెడల్పుగా ఉంది, ముక్కు గుండ్రంగా ఉంది, అంచులు లావుగా ఉన్నాయి, అడుగున మూడు రెక్కలు నీటిని పట్టుకున్నాయి. మడమ నొక్కితే ఇటు తిరిగింది, వేళ్ళు నొక్కితే అటు తిరిగింది. తాడు వదిలేశాడు. అల అతన్ని మోసుకుని పోయింది! కేయూరుడు చాలా రోజుల తర్వాత నోరారా నవ్వాడు.

గట్టెక్కగానే గబగబా చెప్పుకుపోయాడు. "ఇదిగో, ఇప్పుడు తెలిసింది. ఒళ్ళు బరువైనవాడికి పొడుగు పలక, తేలికైనవాడికి పొట్టిది. కొత్తవాళ్ళెవరైనా సరే వెడల్పుగా, మందంగా, రెక్కలున్నదే ఎక్కాలి. కురంగీ, ఆ ముల్లు అవతల పారేసి నాదానికన్నా జానెడు తక్కువది, గుండ్రటి ముక్కుది చూసుకో. మల్లా, ఆ పెద్ద పలక నీది."

కురంగి మూతి ముడిచి, "ముసలమ్మ పీటలా ఉంది," అని గొణిగినా తీసుకుంది. ఎక్కీ ఎక్కగానే నిలబడింది. నిలబడ్డాక ఇక ఆ పీటను ఏమీ అనలేదు.

కొండమల్లుడు మాత్రం రెండు చేతులూ జోడించాడు. "తప్పు దొరా! తమకంటే పొడుగు పలక నేను ఎక్కడమా? మా అమ్మకు తెలిస్తే గడప తొక్కనివ్వదు."

"మీ అమ్మకు ఎవరు చెబుతారు?"

"నేనే చెబుతా. ఆమెకు చెప్పకుండా నేను ఏ పనీ చెయ్యను."

"మల్లా, ఇది ఆజ్ఞ!"

ప్రమాణాచార్యులు అడ్డొచ్చాడు. "ఈ ఆజ్ఞ చెల్లదు ప్రభూ. తన వస్తువు కొలతను తగ్గించుకునే హక్కు యువరాజుకైనా లేదు. యువరాజును మించిన కొలత వాడిన సేవకుడికి శిరచ్ఛేదం. నేను కల్పించింది కాదు, మీ ముత్తాతగారి శాసనం."

"అక్కడ నా చెల్లెల్ని చంపబోతున్నారయ్యా!"

"అయ్యో, నాకూ ఏడుపొస్తోంది ప్రభూ. ఎత్తుకుని పెంచిన పిల్ల." ఆచార్యులు నిజంగానే కళ్ళు తుడుచుకున్నాడు. "కానీ శాసనం శాసనమే కదా."

దుర్మార్గుడైతే ఒక్క గుద్దు గుద్ది పక్కన పడేయవచ్చు. మంచివాడితో వచ్చిన చిక్కే ఇది. ఒకడు ప్రాణమైనా ఇస్తాడు కానీ పలక ఎక్కడు. ఇంకొకడు ఏడుస్తాడు కానీ కొలకర్ర దించడు. కేయూరుడికి చిర్రెత్తుకొచ్చి, గట్టు మీది ఇసుకను కాలితో తన్ని, గిర్రున తిరిగాడు.

"సరే! యువరాజుదే కదా పొడుగు పలక? అయితే వీణ్ణే యువరాజును చేస్తున్నాను. శాసనంలో దానికి దారుందా?"

ఆచార్యుల ముఖం వెలిగిపోయింది. "ఎందుకు లేదు! పట్టం ధారపోసే విధి ఉంది. మంచినీళ్ళు, కిరీటం, సాక్షిగా ప్రమాణాచార్యులు. ఎప్పటిదాకా అని కూడా చెప్పాలి."

"రేపు సూర్యాస్తమయం దాకా. చాలా?"

"చాలు ప్రభూ. మరి అప్పటిదాకా తమరెవరు?"

"వీడి గొడుగు పట్టేవాణ్ణి!"

కొండమల్లుడు గుడ్లు తేలేసి చూస్తుండగానే, సాగరగుప్తుడి అంగట్లోంచి చెంబుడు మంచినీళ్ళు వచ్చాయి. కేయూరుడు తన దోసిట్లోంచి అతని దోసిట్లోకి నీళ్ళు వదిలాడు. కేయూరుడి కిరీటం మల్లుడి తల మీద సగమే దిగి, అక్కడే బిగుసుకుపోయింది. ఆచార్యులు మంత్రం ముగించి, కొత్త యువరాజుకు సాష్టాంగపడి లేచి, కొలకర్ర తీశాడు. పడవలాంటి పలక కొండమల్లుడికి వచ్చింది. గొడుగువాడి కొలత సరిగ్గా మూడు మూరలు. పొట్టిపలక కేయూరుడికి వచ్చింది. అంతా శాస్త్రోక్తంగా జరిగిందని ఆచార్యులు పొంగిపోయాడు.

మర్నాడు తెల్లవారినప్పటి నుంచి మడుగులో సాధన చేశారు. ఆ పెద్ద పలక మల్లుడి కింద ఎట్టకేలకు బుద్ధిగా నడిచింది. మధ్యాహ్నానికి సముద్రం ఉబ్బింది. తిమిరమకరం వచ్చి మేకలను మింగి, త్రేన్చి, వెనక్కు మళ్ళింది. కురంగి నీళ్ళలో మునిగి దాని తోక ముళ్ళకు నాలుగు తాళ్ళు తగిలించి వచ్చింది. అవును, నాలుగు. సాక్షి వెంట లేకపోతే పట్టం చెల్లదని ప్రమాణాచార్యులు కూడా బయల్దేరాడు. ఆయనకు నిలబడటం రాదు గనుక ఒక గుండ్రటి పలక మీద బోర్లా పడుకున్నాడు. కొలకర్రను వీపుకు కట్టుకున్నాడు.

మకరం తోక ఒక్కసారి ఝాడించింది. తాళ్ళు బిగిశాయి. అందరూ లేచారు, ఆచార్యులు తప్ప. వెనక పచ్చటి గోడలా అల పైకి లేచింది. దాని ఒళ్ళంతా ఎండ పట్టి జిగేల్మంది. నురుగు తుంపరలు ముత్యాల వానలా కురిశాయి. రేవులో జనం కేకలు చూస్తుండగానే దూరమైపోయాయి.

ఎదురుగా సముద్రం మధ్య నల్లటి రాతి కంబాలు కనిపించాయి. మాంత్రికుడి కట్టుకు అవే హద్దు. కంబాలు దాటేలోపు తాడు వదలకపోతే మనిషి రెండు ముక్కలవుతాడు. కురంగి వదిలింది. కేయూరుడు వదిలాడు. ఆచార్యులు కళ్ళు మూసుకుని వదిలాడు. కొండమల్లుడు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఆనందంగా పోతున్నాడు.

"మల్లా, తాడు వదులు!"

"యువరాజును గొడుగువాడు ఏకవచనంలో పిలవకూడదు!" అని నీళ్ళు మింగుతూ అరిచాడు ఆచార్యులు.

"యువరాజా, తమరు తాడు వదలండి మహాప్రభో!" అని గొంతు చించుకున్నాడు కేయూరుడు.

మల్లుడు ఉలిక్కిపడి వదిలాడు. వెనువెంటనే కంబాలు దాటారు. మకరం తోకకు వేలాడుతున్న తాళ్ళు నాలుగూ పొగలు కక్కుతూ తెగిపడ్డాయి. అదే సమయానికి కంబాల మీంచి ఇనుపముక్కుల గుడ్లగూబలు గుంపుగా లేచాయి. ఒకటి కేయూరుడి భుజం చీల్చింది. అతను మడమ నొక్కి అల పైకెక్కి, వేళ్ళు నొక్కి జర్రున కిందికి జారాడు. వెంటపడ్డ పక్షులు అలలో గుచ్చుకుని మునిగాయి. కురంగి పలక మీంచి ఎగిరి ఒకదాన్ని కాళ్ళతో తన్ని, మళ్ళీ పలక మీదే దిగింది. మల్లుడు దగ్గరకొచ్చినవాటిని ఈగల్లా చేత్తో కొట్టి పారేశాడు. పెద్ద పలక మీద అతను కదలకుండా నిలబడితే, మిగిలినవాళ్ళు అతని చాటున దాక్కుంటూ పోయారు. ఆచార్యుల వీపున పొడిచిన పక్షికి కొలకర్ర అడ్డొచ్చింది.

పొద్దు బాగా వాలాక ద్వీపం కొండచరియ దగ్గర అల వాళ్ళను గులకరాళ్ళ మీదికి చేర్చింది. మకరం తన గుహలోకి పోయింది. ఎదురుగా కొండలో తొలిచిన రాతి తలుపు. దాని మీద గుడ్లగూబ ముఖం. వాళ్ళ అలికిడికి ఆ రాతి కళ్ళు తెరుచుకున్నాయి.

"చెరసాల మంత్రం వేసిన ప్రతివాడూ దానికో తాళంచెవి పెట్టాలని నియమం," అంది శిలాముఖం. "ధూమశిఖుడు కర్ణికార యువరాజును తాళంచెవిగా పెట్టాడు. కన్య సంకెళ్ళు ఆ యువరాజు చేతికి తప్ప ఊడవు. కత్తి దూయడమే రానివాడు ఇక్కడిదాకా ఎట్లా వస్తాడని మా యజమాని ధీమా." ఆ రాయి నవ్వింది. "యువరాజు ఒక్కడికే దారి. మరెవడైనా లోపల ఉంటే నిలువునా రాయి. నా ముందు అబద్ధమాడినా అంతే. మీలో యువరాజు ఎవడు?"

ఆ నవ్వు కేయూరుడి గుండెలో గుచ్చుకుంది. ఒక్క అంగలో ముందుకు దూకాడు. "నేనే!"

పాదాలు చల్లబడ్డాయి. కిందికి చూస్తే వేళ్ళు నల్లరాయి. చీలమండలు రాయి. పిక్కల మీదికి పాకుతోంది.

"అయ్యో ప్రభూ!" అని గుండెలు బాదుకున్నాడు ప్రమాణాచార్యులు. "సూర్యాస్తమయం దాకా యువరాజు మల్లులవారు కదా!"

"మల్లుడే! ఇతనే యువరాజు! నేను గొడుగువాణ్ణి!" అని అరిచాడు కేయూరుడు. రాయి మోకాళ్ళ దగ్గర ఆగింది. ఆగింది కానీ వదల్లేదు. శిలాముఖం నోరు తెరిచింది. లోపల చీకటి మెట్లు కనిపించాయి.

కేయూరుడు మెడ తిప్పి పడమరకు చూశాడు. సూర్యుడు సముద్రానికి జానెడు ఎత్తున ఉన్నాడు. "ఆచార్యా, పొద్దు గుంకితే లోపలున్నవాడు యువరాజు కాడు. గడువు పొడిగించు. ఇప్పుడే!"

"తప్పక పొడిగిద్దాం. ధారపోయండి. మంచినీళ్ళేవి?"

"సముద్రం నిండా నీళ్ళేగా!"

"ఉప్పునీళ్ళు చెల్లవు ప్రభూ." ఆచార్యులు చేతులు జోడించాడు. "నేను కాదనడం కాదు. ఉప్పునీళ్ళతో ఇస్తే అది నిజం పట్టం కాదు. నిజం కానిదాన్ని ఈ రాయి ఒప్పుకుంటుందా?"

కేయూరుడికి ఆయన గొంతు నులమాలనిపించింది. నులమడానికి కాళ్ళు కదలవు. పైగా ఆ మాట అక్షరాలా నిజం. కురంగి అప్పటికే ఒక్క గెంతులో చరియ పట్టుకుంది. "పైన బండల సందున వాననీళ్ళు ఉంటాయేమో చూస్తా," అని బల్లిలా పాకిపోయింది.

కొండమల్లుడు ఆ చీకటి నోటి ముందు నిలబడి కిరీటం సవరించుకున్నాడు. "దొరా, నాకు కుస్తీ తప్ప ఏమీ రాదు. మంత్రాలు తెలియవు. నేను పోయి చిన్నదొరసాని ముందు నిలబడితే ఆమెకు నన్ను చూసి ఏం ధైర్యం వస్తుంది? నీళ్ళు దొరికేదాకా ఆగుదామా?"

ఆగుదాం అనడానికి కేయూరుడు నోరు తెరిచాడు. చిన్ననాటి స్నేహితుణ్ణి చావులోకి పొమ్మని ఎట్లా చెబుతాడు? ఆగమంటే చెల్లెలు దక్కదు. తన కోపంలో తనే పెట్టిన గడువది.

అంతలో మెట్ల అడుగు నుంచి సంకెళ్ళు కదిలిన చప్పుడు వచ్చింది. దాని వెనకే సన్నగా ఒక గొంతు. "ఎవరది? అన్నయ్యా, నువ్వేనా?"

శిలాముఖం కళ్ళు ఎర్రబడి మల్లుడి మీద నిలిచాయి. అబద్ధం కోసం అవి కాచుకుని ఉన్నాయి. జవాబు చెప్పొద్దు అని కేయూరుడు అరవబోయాడు. అప్పటికే మల్లుడు గడపలో కాలు పెట్టాడు.

"నేనే చెల్లెమ్మా," అన్నాడు కొండమల్లుడు. "భయపడకు. వస్తున్నా."

అతని కాళ్ళు రాయి కాలేదు. ఎర్రటి కళ్ళు ఒక్క క్షణం తడబడి, ఆ మాటలో అబద్ధం దొరకక చల్లారాయి. మల్లుడు తల వంచుకుని, భుజాలు పక్కకు తిప్పుకుని, ఆ ఇరుకు మెట్ల మీద చీకట్లోకి దిగిపోయాడు. వెనక తలుపు మూసుకుంది. కేయూరుడు రాతికాళ్ళ మీద నిలబడి పడమరకు చూశాడు. సూర్యుడి అంచు నీళ్ళను తాకుతోంది.